పాత ఉద్యమకారుల అనుభవాలు రికార్డు చేస్తుంటే అంతా ఉపన్యాసమే వస్తోంది, ఏం చేయాలి?

జొన్నచొప్ప
ఆరుగురి జాబితా ఉంది. వయసులు 71 నుంచి 94 దాకా. ఇద్దరు తెలంగాణ సాయుధ పోరాటం నాటివాళ్ళు (జనగామ, సూర్యాపేట వైపు), ఒకరు 1969 తెలంగాణ ఉద్యమం నాటి విద్యార్థి, ఇద్దరు ఎమర్జెన్సీలో లోపలున్నవాళ్ళు. ఆరో ఆవిడది నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం, ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గరుంటోంది. మొదటి సిట్టింగు 2 గంటల 10 నిమిషాలు వచ్చింది. అందులో గంటా నలభై నిమిషాలు అంతర్జాతీయ పరిస్థితి, జాతీయ పరిస్థితి, రాష్ట్ర పరిస్థితి. ఆయన సొంత మాట పది నిమిషాలు కూడా లేదు. పెద్దాయన్ని నొప్పించకుండా దారి మళ్ళించడం ఎలా? రెండోది, ఫోన్లో రికార్డు చేస్తే వెనక గాలి హోరు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మండల_కమిటీ
జిల్లా పరిస్థితి దాకా రాలేదా? అయితే ఇంకా సగమే అయింది 😀

ఫ్యాన్_ఆపండి
రెండోదానికి జవాబు నా పేరులోనే ఉంది. సీలింగు ఫ్యాను, ఫ్రిజ్జు, గోడ గడియారం, ఈ మూడూ ఆపాలి. ఫ్రిజ్జు ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టండి, వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోరు. ఎండాకాలమైతే ఉదయం 7 నుంచి 9 మధ్య కూర్చోండి, ఫ్యాను లేకపోయినా ఓర్చుకోగలరు. బండలు పరిచిన ఖాళీ గది వద్దు, గొంతు మారుమోగుతుంది. పరుపు, బట్టల దండెం ఉన్న గది మేలు.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. కండువా వేసుకునేవాళ్ళయితే కండువా మీద కాదు, చొక్కా బొత్తాం పట్టీకి. కండువా కదిలిన ప్రతిసారీ మైకు గీరుకుంటుంది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. ఫైలు కుదించని వేవ్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకు 520 ఎంబీ దాకా అవుతుంది, అందుకే ముందురోజే ఫోను ఖాళీ చేసుకోండి. ఎంపీత్రీ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, దాన్ని వెనక్కి వేవ్ చేస్తే పోయింది తిరిగిరాదు.

చెవి మిషను పెట్టుకునేవాళ్ళుంటే మీ గొంతు పెంచకండి, నెమ్మదిగా ఎదురుగా కూర్చుని మాట్లాడండి. అరిస్తే రికార్డులో మీరే ఉంటారు, ఆయన ఉండడు.

మండల_కమిటీ
సరే, ఇప్పుడు నిజంగా చెప్తున్నా. ఆ ఉపన్యాసాన్ని ఆపొద్దు. యాభై ఏళ్ళు మైకు ముందు నిలబడిన మనిషికి మైకు కనపడగానే వచ్చేది అదే. అరగంట ఇవ్వండి. అది అయిపోతేనే గొంతు దిగుతుంది, చాయ్ అడుగుతారు. అసలు రికార్డింగు చాయ్ తర్వాతే.

పల్లేరుకాయ
మండల_కమిటీ అన్న చెప్పింది సగం కరెక్టు. చాయ్ అయినంక గూడ "ఉద్యమంల మీ అనుభవాలు చెప్పుండ్రి" అని అడిగితే మళ్ల ఉపన్యాసమే వస్తది. ప్రశ్నల తప్పున్నది. పెద్ద మాట అడిగితే పెద్ద మాటే జవాబు. చేతికి, కాలుకి, కడుపుకి తగిలే ప్రశ్న అడగాలె.

ఆ రాత్రి ఏం తిన్నరు? ఎవరింట్ల? వండింది ఎవరు? కాళ్లకు చెప్పులున్నయా? దుప్పటి ఎన్నిదినాలకోసారి ఉతికిండ్రు? చీటీ ఎక్కడ దాచేది, రుమాల్లనా, అంగీ అంచుల కుట్టిండ్రా? సంఘం (ఆంధ్ర మహాసభ) చందా అణానే కదా, ఆ అణా ఇంట్ల ఎవరినడిగి తెచ్చిండ్రు?

ఇంకోటి. నేల మీద ఊరు గీయించుండ్రి. చింతగింజలు ముందట పోసి దొర గడి యాడ, బావి యాడ, మీ వాడ యాడ అని పెట్టమనుండ్రి. ఒక్క గింజ పెట్టంగనే "ఇగో, ఈడికెళ్లి ఉరికినం" అంటడు. గింజలు జరుపుకుంట చెప్పేటోడు ఉపన్యాసం ఇయ్యలేడు, చెయ్యి అడ్డమొస్తది. అయిపోయినంక పైనుంచి ఫోటో తీసుకోండ్రి. గింజ జరిపినప్పుడు "ఇది గడి కదా, దీనికి ఎడమ పక్కకు" అని మీరు నోటితోటి చెప్పాలె. లేకుంటే ఆడియోల "ఇక్కడ, అక్కడ" తప్ప ఏం మిగలదు.

లెక్కల_పంతులు
ముందు వయసు లెక్క వేసుకోండి. 94 ఏళ్ళాయన 1948లో నిజాం మీద జరిగిన పోలీసు చర్య నాటికి పదహారు, పదిహేడేళ్ళ పిల్లాడు. కమిటీ తీర్మానాలు ఆయన్ని అడగడం వృథా. అడిగితే తర్వాత పుస్తకాల్లో చదివింది చెప్తారు, అది అబద్ధం కాదు గానీ ఆయన సొంతమూ కాదు. ఆ వయసు పిల్లలు చేసినవి అడగండి: చీటీలు మోయడం, చెట్టెక్కి కాపలా, వడిసెల రాళ్ళు ఏరడం, దళానికి అన్నం మూట చేర్చడం.

బడి రికార్డులో పుట్టినతేదీ నమ్మకండి. ఆ తరంలో చాలామందికి జూన్ 1 అనో జులై 1 అనో పంతులు వేసిందే ఉంటుంది.

దస్తావేజు
తేదీల గురించి. సంవత్సరం అడగొద్దు, "దేనికి ముందు, దేనికి తర్వాత" అని అడగండి. పాత నల్లగొండకు పట్టుకొయ్యలు ఇవి: 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ, 1946 జులై 4 కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోవడం, 1948 ఆగస్టు 27 రజాకార్ల మారణకాండ జరిగిన బైరాన్‌పల్లి, 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం రావడం, 1951 అక్టోబరులో పోరాట విరమణ, 1952 ఎన్నికలు. ప్రతి సంఘటననీ రెండు కొయ్యల మధ్య కట్టేస్తే చాలు.

కొందరు ఏడుని ఫసలీలో (నిజాం సర్కారు లెక్కల సంవత్సరం) చెప్తారు. ఇంగ్లీషు సంవత్సరానికి 590 కలపండి. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడు అక్టోబరులో మొదలు, కాబట్టి 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. తెలుగు సంవత్సరాలైతే 1946 ఉగాది నుంచి వ్యయ, తర్వాత వరసగా సర్వజిత్తు, సర్వధారి, విరోధి, వికృతి, ఖర. డబ్బు లెక్కలో హాలీనా (నిజాం రూపాయి) కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని అడగండి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు.

జనగామాయన కేసు కాగితాలు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. తర్వాత వరంగల్లులోకి పోయింది, 2016లో సొంత జిల్లా అయింది. వరంగల్ కాగితాల్లో వెతికి "ఏమీ లేదు" అని వదిలేసేవాళ్ళు ఎక్కువ.

వేపపుల్ల
జ్ఞాపకానికి ఇంకో చిన్న పరీక్ష, పత్రికలు. "49లో విశాలాంధ్ర పేపర్లో చూశా" అంటే తేదీ అయినా తప్పు, పేపరైనా తప్పు. విశాలాంధ్ర మొదలైందే 1952లో. ప్రజాశక్తి 1948లో మూతపడింది, మళ్ళీ దినపత్రికగా వచ్చింది 1981లో. దొరికిపోయారు 😏

మండల_కమిటీ
దొరికిపోవడమేంటి వేపపుల్లా, ఆయనేమన్నా ముద్దాయా? తొంభై దాటిన మనిషిని ముఖం మీదే తప్పన్నారంటే ఆ తర్వాత నోరు విప్పరు.

దస్తావేజు
ముఖం మీద అనొద్దు, నిజమే. అలాగని వదిలేయొద్దు కూడా. దిద్దే పని రికార్డు విని ఎత్తిరాసేటప్పుడు పేజీ అడుగున చేయండి. రికార్డింగులో అయితే "పేపరు ఎవరు తెచ్చేవారు, ఎన్ని రోజుల పాతది, ఎవరు చదివి వినిపించేవారు" అని పక్కనుంచి అడిగితే చాలాసార్లు ఆయనే సరిచేసుకుంటారు.

వేపపుల్ల
సరే, ఒప్పుకున్నా. కానీ ఇంకో మాట అనక తప్పదు, ఎవరూ అనరు కాబట్టి. పింఛను. కేంద్రం స్వాతంత్ర్య యోధులకిచ్చే స్వతంత్రతా సైనిక్ సమ్మాన్‌కి ఆరు నెలల జైలో అజ్ఞాతమో చూపించాలి. జైలు విషయంలో ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ మూడు నెలలు. దరఖాస్తు కోసం ఒకే కథని ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ, అజ్ఞాతం సరిగ్గా ఆరు నెలల ముక్కగా గట్టిపడి ఉంటుంది. వచ్చినవాళ్ళకూ అంతే, రానివాళ్ళకైతే మరీను. ఆ ఆరు నెలలు దాటి ముందూ వెనకా అడగండి. పింఛను కాగితం మాత్రం మొదట్లో బయటికి తీయించకండి, అది తీయగానే దరఖాస్తు భాష వచ్చేస్తుంది.

పల్లేరుకాయ
ఇది మాత్రం నిజం.

రెండో_ఆట
మాటల దగ్గర జాగ్రత్త. ఒకే మాటకి రెండు మూడు అర్థాలుంటాయి, ఎత్తిరాసే కుర్రాళ్ళు బోల్తాపడతారు.

లెవీ అంటే యుద్ధకాలంలో నిజాం సర్కారు రైతు దగ్గర లాక్కున్న ధాన్యమూ అవుతుంది, పార్టీకి కట్టే వాటా డబ్బూ అవుతుంది. క్యాంపు అంటే 47, 48లో సరిహద్దు అవతల కాంగ్రెసువాళ్ళ క్యాంపు కావచ్చు, యూనియన్ మిలటరీ ఊరిబయట వేసిన క్యాంపు కావచ్చు, జనాన్ని పట్టుకెళ్ళి పెట్టిన క్యాంపూ కావచ్చు. సెంటర్ అంటే నాలుగురోడ్ల సెంటరో, పై కమిటీయో.

అన్నిటికంటే ప్రమాదం "మన పార్టీ". కమ్యూనిస్టు పార్టీ చీలికకు దారితీసిన 1964 జులై తెనాలి సమావేశం తర్వాత ఎవరి మన పార్టీ వాళ్ళది. 69 నాటికి నక్సలైట్లది ఇంకో చీలిక. ప్రతిసారీ "అప్పటికి ఏది" అని ఒక్క మాట అడిగి పెట్టుకోండి.

చీలిక గురించి నేరుగా అడిగితే మళ్ళీ సిద్ధాంతం వస్తుంది, రెండు గంటలు ఖాయం. "ఆఫీసు తాళం చెవి ఎవరి దగ్గరుండిపోయింది? సైకిలు ఎవరు తీసుకున్నారు? మైకు సెట్టు?" అని అడగండి. ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో, ఎవరి పెళ్ళికి ఎవరు వెళ్ళలేదో అన్నీ బయటికొస్తాయి.

మండల_కమిటీ
సైకిలు గొడవలు కొన్ని ఇంకా తెగలేదు, చూసి అడగండి

గోరింటాకు
ఇంతసేపూ అందరూ "పెద్దాయన, పెద్దాయన" అంటున్నారు. జాబితాలో ఒకావిడ ఉంది కదా.

సారా ఉద్యమం ఆడవాళ్ళు తమని ఉద్యమకారులు అనుకోరు. "మాదేముందమ్మా, అందరితోపాటు వెళ్ళాం" దగ్గర మొదలుపెడతారు. ఉద్యమం మొదలైన ఊరు దూబగుంట పేరుతో ప్రశ్న మొదలుపెట్టకండి. ఆవిడ ఊరు వేరైతే "అక్కడివాళ్ళనే అడగండి" అని తప్పుకుంటుంది. ఆవిడ ఊళ్ళో 92లో సారా కొట్టు ఎక్కడుండేది, సారా దేంట్లో వచ్చేది, ప్యాకెట్లా క్యానా, అడ్డుకున్న రోజు పొయ్యి ఎవరు చూసుకున్నారు, రాత్రి బడిలో పలక పట్టుకుంది ఎవరెవరు, మర్నాడు మగాళ్ళు ఇంట్లో ఏమన్నారు. ఇవి అడిగితే 1993 అక్టోబరు 1 సారా నిషేధం దాకా ఆవిడే నడిపించుకుపోతుంది. 95 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 97లో ఎత్తేశారు. ఎత్తేసిన తర్వాత ఏమైందో తప్పకుండా అడగండి, అక్కడ ఎవరూ ఆగరు.

ఇంట్లో కూతురో కోడలో ఉంటే వాళ్ళే జవాబులు అందిస్తారు, "అది కాదమ్మా, ఇది చెప్పు" అని. వాళ్ళకో పని అప్పజెప్పండి. పాత ఫోటోలు వెతికిపెట్టమనండి, వేరే గదిలో.

సాయుధ పోరాటం వాళ్ళ భార్యల్ని కూడా విడిగా కూర్చోబెట్టండి. "అంతా ఆయనే, నేనేం చేశాను" అంటారు. రాత్రి ఎంతమందికి వండారు, బియ్యం ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, తలుపు కొట్టే గుర్తు ఏంటి అని అడిగితే డెన్ (రహస్య స్థావరం) నడిపింది ఎవరో తెలుస్తుంది. హోల్‌టైమర్ల (పార్టీ పూర్తికాలం కార్యకర్తల) ఇళ్ళల్లో ఇంకోటి: నెల అలవెన్సు ఎంత, ఎన్ని నెలలకోసారి వచ్చేది, మిగతాది ఏ కుట్టుమిషను మీద, ఏ బీడీల చాట మీద గడిచింది. ఆ లెక్క ఆయనకి తెలీదు, ఆవిడకి పైసలతో సహా తెలుసు.

లెక్కల_పంతులు
గోరింటాకు గారూ, కాన్పులు, పిల్లల్ని ఎవరి దగ్గరో వదలడం, ఇవి అడగొచ్చా?

గోరింటాకు
మొదటి సిట్టింగులో వద్దు. మూడోసారికి ఆవిడే ఎత్తుతుంది. ఆ పూట మగవాళ్ళు గదిలో ఉండకపోతే మంచిది, మీతో సహా పంతులుగారూ.

తాళంకప్ప
ఎమర్జెన్సీ ఇద్దరి విషయం. మొదటి ప్రశ్న "మీసానా, డీఐఆరా?" మీసా (అంతర్గత భద్రతా చట్టం) అయితే విచారణ లేని నిర్బంధం, చేతికి నిర్బంధ ఉత్తర్వు వస్తుంది. డీఐఆర్ (భారత రక్షణ నియమాలు) అయితే కేసు, కోర్టు, బెయిలు ఉంటాయి. రెండూ కలిపి చెప్పేస్తుంటారు. ఉత్తర్వు కాగితం దాచుకున్నారేమో అడగండి, దాని మీద తేదీ ఉంటుంది. ఏ జైలు, ఏ బ్యారక్, పక్క మంచం ఎవరిది? ఆర్‌ఎస్‌ఎస్, సోషలిస్టులు, మార్క్సిస్టులు, నక్సలైట్లు ఒకే గోడల మధ్య ఉన్నారు కాబట్టి వంట విడిగానా కలిపా, చదువుకునే క్లాసులు ఎవరు చెప్పారు అన్నది బంగారం.

పట్టుకొయ్య: 1975 డిసెంబరు 1, నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి, ముషీరాబాద్ జైలు. అప్పటికి లోపల ఉన్నారా, బయట ఉన్నారా, వార్త ఎలా తెలిసింది. ముషీరాబాద్ జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. "గాంధీ ఆసుపత్రిలో ఉన్నా 75లో" అని పెద్దాయన తడబడితే మతిమరుపు అనుకోకండి, చోటు కరెక్టే చెప్తున్నాడు.

దెబ్బలు తిన్న సంగతి వచ్చినప్పుడు వివరాలు తవ్వొద్దు. చెప్పినంత వినండి. అది చెప్పిన రాత్రి నిద్రపట్టదు చాలామందికి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఆ సిట్టింగు ఆ మాట మీద ముగించొద్దు. మనవళ్ళ చదువు గురించో, ఇప్పటి మీటింగుల గురించో మాట్లాడించి లేవండి.

జొన్నచొప్ప
చాలా థాంక్స్ అందరికీ. సాయుధ పోరాటం వాళ్ళలో ఒకాయన పేర్లతో సహా చెప్తున్నారు, ఎవర్ని ఎవరు చంపారు అన్నది కూడా. అదంతా ఉంచాలా?

తాళంకప్ప
ఉంచండి, కానీ బయటపెట్టకండి. అది వేరు, ఇది వేరు. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకు మన చట్టంలో కాలపరిమితి లేదు. 48 నాటి సంగతికి ఎవరూ రారు గానీ 80లు, 90ల సంగతులకి ఇంకా బతికున్న మనుషులున్నారు, కేసులూ ఉండొచ్చు. "రికార్డింగు మా దగ్గర ఉంది, రహస్యం" అంటే కోర్టు ఊరుకోదు, తెమ్మంటే తేవాలి. అందుకే అలాంటిది మొదలవగానే రికార్డరు మీద చెయ్యిపెట్టి "ఇది రికార్డు కావాలా" అని అడగండి. పోలీసు కంటే ముందు ఊరు ఉంది. చనిపోయినాయన మనవలు రెండు వీధుల అవతలే ఉంటారు.

ఒప్పుకోలు కాగితం ఒక పేజీ చాలు. అసలు పేరా మారుపేరా, మొత్తమా కొంత తీసేసా, ఇప్పుడా ఆయన తదనంతరమా, ఫోటో వేయొచ్చా. సంతకమో వేలిముద్రో, దాంతోపాటు అదే మాట గొంతుతో రికార్డు మొదట్లో. ప్రతి సిట్టింగుకీ మళ్ళీ అడగండి, మనసు మారుతుంది.

అల్మారా
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్ళు ట్రంకు పెట్టె తీస్తారు, కరపత్రాలు, ఉత్తర్వులు, గ్రూపు ఫోటోలు. లామినేషన్ చేయించొద్దు!! సెల్లోటేపు వేయొద్దు. ప్రేమకొద్దీ కొడుకులు చేసే మొదటి పని ఈ రెండే. వేడికి పాత సిరా మారిపోతుంది, టేపు జిగురు పదేళ్ళకి పచ్చగా కాగితంలోకి దిగుతుంది. తుప్పుపట్టిన పిన్నుని లాగకండి, రెండు కాళ్ళూ వెనకనుంచి నిటారు చేసి పైకి ఎత్తండి.

ఇంటినుంచి కాగితం తీసుకెళ్ళకండి, వాళ్ళ ఇంట్లోనే ఫోటో తీయండి. కిటికీ పక్క నీడలో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి. స్కానరు ఉంటే కాగితానికి 300 డీపీఐ, ఫోటోకి 600. ఫోటో వెనక రాసింది కూడా తీయండి. గ్రూపు ఫోటోలో పేర్లు ఎడమనుంచి కుడికి, వరస వరసగా ఆయన గొంతుతోనే చెప్పించండి, వేలు ఎక్కడ పెట్టారో మీరు పలకండి.

కాపీలు మూడు, మూడు చోట్ల. ఒకటి వేరే ఊళ్ళో. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పుస్తకాలు ఎలా తడిసి పాడయ్యాయో హైదరాబాద్‌వాళ్ళకి తెలుసు.

రెండో_ఆట
ఎత్తిరాయడానికి గంట ఆడియోకి ఏడెనిమిది గంటలు పెట్టుకోండి. యాప్‌తో చేయిస్తే ముక్కలు వస్తాయి గానీ గుతపని (చేతికర్ర) గుటక అనీ, పటేల్‌ని హోటల్ అనీ రాస్తుంది. మొత్తం మళ్ళీ వినక తప్పదు.

వేపపుల్ల
భాష దిద్దాలా? "ఉరికినం"ని "పరుగెత్తాము" అని రాస్తే చదివేవాళ్ళకి సులువు కదా.

పల్లేరుకాయ
వద్దు.

పల్లేరుకాయ
ఇంకోటి, ఆయన మాట్లాడుకుంట మాట్లాడుకుంట బాస మార్చిన చోటు గుర్తువెట్టుకో. ఉపన్యాసం పుస్తకాల తెలుగుల ఉంటది. సొంత ముచ్చట వచ్చేసరికి "ఉరికినం" అయితది. నువ్వు అంతా ఒక్కతీరు దిద్దితివంటే ఏది ఉపన్యాసమో ఏది ముచ్చటో మళ్ల దొరకదు.

వేపపుల్ల
ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా అన్నా, గంటా నలభై నిమిషాలు కోసేద్దామనుకున్నాడు పాపం.

జొన్నచొప్ప
కోయలేదు, ఉంది. 94 ఏళ్ళాయన దగ్గరికి మళ్ళీ ఆదివారం పొద్దున ఏడింటికి. చింతగింజలు తీసుకెళ్తున్నా. ఒక్క అనుమానం, ఆయన శనివారం ధర్నాచౌక్‌కి వెళ్తానంటున్నారు, పెన్షనర్లది ఏదో ఉందట.

మండల_కమిటీ
అయితే ఆదివారం గొంతు ఉండదు. సోమవారం పెట్టుకోండి.

ఫ్యాన్_ఆపండి
శనివారమే వెనకాల వెళ్ళండి. రికార్డరు జేబులోనే ఉంచండి, గొడుగు పట్టుకోండి, మాత్రల డబ్బా, నీళ్ళ సీసా మీ దగ్గర పెట్టుకోండి. తిరుగు బస్సులో ఆయన ఏం మాట్లాడతారో రాత్రికి రాసుకోండి.